మూడో తొట్టి నిండుకుంది

83వ రోజు

ఓడిపోయాం.

జట్టులో ఉన్న ప్రతివాళ్ళూ ఏ రోజు ఏం పని చేశారో చేత్తో రాయాలని నీటి మండలి పెట్టిన ఈ యంత్రాల పోటీలో నిబంధన. ఇన్నాళ్ళూ అధికారులు చూస్తారేమోనన్న భయంతో, "ఈ రోజు యంత్రం కీళ్ళకు ఆముదం రాశాను, అంతా క్షేమం" అని రాస్తూ వచ్చాను. ఇక ఈ పుస్తకం ఎవరూ అడగరు. అందుకని ఉన్నమాట రాస్తాను. నాకు ఒళ్ళు మండిపోతోంది.

పోటీ మైదానంలో మూడు మూసిన తొట్లు పెట్టారు. ఒకదాన్ని నిండా నింపారు, ఒకదాన్ని సగం, మూడోదాంట్లో చుక్క పోయలేదు. యంత్రం గొట్టంలోంచి లోపలికి దూరి, నీరెంత ఉందో చూసి, బయట బూరలా పెట్టిన కొమ్ములోంచి మనిషి మాటలో చెప్పాలి. మిగతా జట్ల యంత్రాలకు ఒక్కో తొట్టికి పావుగంట పట్టింది. రెండయితే గొట్టంలోనే ఇరుక్కున్నాయి. మా బొమ్మిడాయి ఆరు నిమిషాల్లో మూడూ చూసి వచ్చింది. దానికా పేరు నేనే పెట్టాను. మూరన్నర పొడుగు, నల్లటి ఒళ్ళు, ఎక్కడ పట్టుకున్నా జారిపోతుంది. జట్టులోని పిల్లలిద్దరూ బొమ్మిడాయి చేపను చూసి ఎరగరు. అయినా పేరు నచ్చింది.

మొదటి తొట్టి దగ్గర "నిండుగా ఉంది" అంది. రెండో దగ్గర "సగముంది" అంది. మూడో దగ్గర "నిండుకుంది" అంది. మూడూ నేను నేర్పిన మాటలే, నా గొంతే. మా జట్టు నాయకురాలు జోగేశ్వరి నా చెయ్యి పట్టుకుని నలిపేసింది. ఏసుపాదం అప్పుడే కళ్ళు తుడుచుకుంటున్నాడు. పదహారేళ్ళవాడు, సంతోషం వచ్చినా ఏడుస్తాడు.

పలక మీద మార్కులు పడ్డాయి. మూడో తొట్టి: తప్పు. ఖాళీ తొట్టిని నిండింది అని చెప్పింది.

నిండింది అని ఎక్కడ చెప్పింది? నిండుకుంది అంది. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే డబ్బా పొంగిపొర్లుతోందని ఎవరైనా అనుకుంటారా? ఆ పిల్లలిద్దరికీ కూడా ఎనభై రోజుల్లో ఒక్కసారి అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది, వాళ్ళ ఇళ్ళల్లోనూ అదే మాట. గెలిచిన జట్టు యంత్రం రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడింది. దానికి చప్పట్లు.

84వ రోజు

మబ్బులోంచి నీళ్ళు పట్టే వలలు తుడవడానికి వెళ్ళాను. మబ్బు పలచగా ఉంది, వల మీద బట్ట పెట్టి పైనుంచి కిందికి లాగితే చారెడు నీళ్ళు కూడా కాలవలోకి జారలేదు. మా మెట్టు వలలు వంటకే చాలవు. కొండవాలును ఏడు మెట్లుగా చెక్కి కట్టిన ఈ ఊరంతా బతికేది పై తొట్టి మీద.

నాకు ఆ తొట్టి అంటేనే భయం. బండకొమ్ము మీద ఉంటుంది, అక్కడి పెద్ద వలల నీళ్ళు అందులోకి చేరతాయి. తొంభై మెట్ల ఇనప నిచ్చెన. రోజూ పొద్దున ఎవరో ఒకరు ఎక్కి, మూత ఎత్తి చూసి, నీళ్ళున్నాయో లేదో కిందికి అరిచి చెబితే, కిందున్న మనిషి వాల్వు తిప్పుతాడు. చూడకుండా తిప్పితే, తొట్టి నిండుకున్న రోజున గొట్టంలో గాలి పట్టేస్తుంది, ఇక నీళ్ళు వచ్చినా కిందికి దిగవు. పైన పెట్టిన కొలత పెట్టెలన్నీ ఉప్పు మబ్బుకు ఏడాది తిరక్కుండా తుప్పు పట్టి పోయాయి. అందుకని ఇంటికొకరు, వంతులవారీగా ఎక్కుతారు. పోయిన వానల్లో జోగేశ్వరి వాళ్ళమ్మ సుగుణ జారిపడింది. తుంటి విరిగింది, ఇప్పటికీ మంచం మీదే ఉంది. జోగేశ్వరికి పద్ధెనిమిది నిండగానే ఆ ఇంటి వంతు దానిది. ఇంకా పది రోజులుంది.

గెలిస్తే యంత్రం మా ఊళ్ళోనే ఉండిపోయేది. పిల్ల నిచ్చెన ముఖం చూడక్కర్లేదు. అందుకే కదా నేను ఈ వయసులో జట్టులో చేరింది. ప్రతి జట్టులో అరవై దాటిన మనిషి ఒకరుండాలి, యంత్రానికి ఇంటి మాట నేర్పడానికి. నేను మూడో తరగతిలో ఉండగా మా ఊళ్ళోకి సముద్రం వచ్చింది, ముందు బడే మునిగింది. మళ్ళీ ఇన్నేళ్ళకు చివరి బల్ల మీద కూర్చున్నాను. ఓడిన జట్లు, మండలి ఇచ్చిన మోటార్లు, కీళ్ళు పోటీ అయిన పది రోజుల్లో తిరిగి అప్పగించాలట.

వలల దగ్గర పక్కింటి బుల్లెమ్మ పలకరించింది. "ఏమే మరిడమ్మా, నీ చేప నీళ్ళలో మునిగిందంట కదా."

"మునగలేదు. ముంచారు."

"పోన్లే. ఈ వయసులో నీకెందుకే ఆ గోల, కృష్ణా రామా అనుకోక."

తడిబట్ట దాని కాళ్ళ మీద దులిపి వచ్చాను.

85వ రోజు

మండలి ఆఫీసుకు దిగాను. తాడు బుట్టలో దిగుతుంటే ఆ తాడు తెగుతుందని ఒక భయం, ఇంట్లో పొయ్యి ఆర్పానో లేదోనని ఇంకో భయం. జోగేశ్వరి వద్దంది. "వాళ్ళతో గొడవెందుకు మామ్మా, మారుస్తారా ఏంటి?" పోటీ అయిన దగ్గర్నించి ఆ పిల్ల సరిగ్గా మాట్లాడటం లేదు. ఏడిస్తే బాగుండు. పళ్ళు బిగించి గిన్నెలు తోముతోంది.

మార్కులు వేసిన అధికారి పేరు చిదానందం. నడివయసు మనిషి. కూర్చోమన్నాడు. నేను కూర్చోలేదు.

"బాబూ, మా యంత్రం మాట మీరు విన్నారా, చదివారా?"

"అంటే ఏంటండీ?"

"చెవులతో విన్నారా, కాగితం మీద చదివారా అని."

"వినే యంత్రం రాసిస్తదండి. మేం చదువుతాం. యాభై జట్లండి మామ్మగారూ, అన్నీ వింటా కూర్చుంటే తెల్లారిపోద్ది."

కాగితం తీశాడు. మూడో తొట్టి దగ్గర "నిండింది" అని ఉంది. నా మాటను దిద్దేసింది ఆ యంత్రం. నేనేదో నోరు తిరక్క తప్పు పలికాననుకుందేమో. వినిపించమన్నాను. వినిపించాడు. నిండుకుంది. ఆయన ముఖంలో నవ్వొచ్చింది.

"మా అమ్మా ఇలాగే అనేదండి."

"అయితే తప్పు మీదేగా."

"రాసింది తప్పేనండి. మార్కులు మాత్రం మారవు."

"ఎందుకు మారవు?"

ఆయన కలం పక్కన పెట్టాడు. "మామ్మగారూ, కోప్పడకండి. వాల్వు దగ్గర నిలబడేది ప్రతిసారీ మీలాంటి పెద్దాళ్ళే అయితే సరే. తెలీనోడెవడైనా ఆ మాట విని తిప్పేస్తే?"

"మా ఊళ్ళో తెలీనోడెవడూ లేడు."

"ఉండకపోతే మంచిదేనండి."

మీ అమ్మ మాట మీకే తప్పయిందా అని అడిగాను. నిన్ను కన్నందుకు ఆవిడకు ఏ పలక మీద మార్కులేశావని అడిగాను. ఆయన తల దించుకుని కాగితాలు సర్దుకున్నాడు. పైకి వచ్చేటప్పుడు తాడు సంగతి గుర్తే రాలేదు, అంత కోపం.

పొయ్యి ఆర్పే ఉంది.

87వ రోజు

ఈ రోజు జరిగింది నా వల్లే. ముందే రాసేస్తున్నాను, తర్వాత మనసు మారి ఇంకొకరి మీదికి తోస్తానేమోనని.

అప్పగించడానికి ఆరు రోజులుంది కదా, ఈలోగా బొమ్మిడాయిని నిజం తొట్టిలోకే పంపి ఊరందరికీ వినిపిద్దామన్నాను. అది పనికొచ్చే యంత్రమని నలుగురూ కాగితం మీద రాసిస్తే అది పట్టుకుని మళ్ళీ ఆ చిదానందం దగ్గరికి వెళ్ళాలని నా ఆలోచన. మండలి అనుమతి లేకుండా కూడదని జోగేశ్వరి అంది. నేను వినలేదు. ఎక్కే వంతు ఏసుపాదం వాళ్ళ నాన్నది, ఆయన్ని కూడా ఆగమన్నాను.

తొట్టి నిండితే ఎక్కువ నీళ్ళు పోయే పొర్లు గొట్టంలో బొమ్మిడాయి కొండ కింద దూరి పైకి పాకింది. చాలాసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత వాల్వు పక్కన పెట్టిన కొమ్ములోంచి నా గొంతు, గట్టిగా, స్పష్టంగా: నిండుకుంది.

ఆడవాళ్ళందరూ బిందెలు దించేశారు. "అయ్యో, నిండుకుందంటమ్మా" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. చూశావా అని నేను జోగేశ్వరి వైపు తిరిగాను. ఆ తిరిగిన క్షణంలో వాల్వు కిర్రుమంది.

వాల్వు వంతు నవనీత్‌ది. బుల్లెమ్మ అల్లుడు, వచ్చి రెండు నెలలయింది. సముద్రం అడుగున గనుల కాలనీలో పుట్టి పెరిగాడు. అక్కడ తల్లులందరికీ రోజంతా గని పనే, పిల్లలకు తెలుగు నేర్పేది బడిలో ఉండే పెట్టె. వాడు చక్రం చివరిదాకా తిప్పేసి, మా వైపు చూసి నవ్వాడు.

గొట్టం గుర్రు పెట్టింది. ఏడు మెట్లకూ గాలి పట్టింది.

"క్షమించండి మామ్మగారూ," అన్నాడు. "నిండుకుంది అంటే నిండింది అనుకున్నాను. వండుకుంది అంటే వండింది అనే కదా అర్థం?"

వాణ్ణి తిడదామని నోరు తెరిచాను. తిట్టకుండా చక్రం పట్టుకుని వెనక్కి తిప్పాను.

88వ రోజు

నీళ్ళు రెండు రోజుల దాకా రావట. గాలి వదలడానికి ఏడు మెట్ల గొట్టాలూ ఒక్కొక్కటే విప్పుతున్నారు. నేను జోగేశ్వరి వాళ్ళింట్లో ఉండగా బుల్లెమ్మ వచ్చి వాకిట్లో నిలబడి అరిచింది. అల్లుణ్ణి ఒక్క మాట అనలేదు. "బడికెళ్ళే పిల్లలకు ఊరి వాల్వు అప్పజెప్పింది ఎవరే? ఓడిపోయిన యంత్రాన్ని తెచ్చి మా గొంతులెండబెడతారా?"

పిల్లల్ని అంటుంటే ఊరుకోలేకపోయాను. అంతా నేనే చేశానని చెప్పాను. ఆవిడ వినలేదు, ముసలిదానివి నీకేం తెలుసంది.

జోగేశ్వరి లోపల్నించి వచ్చింది. బుల్లెమ్మ వెళ్ళేదాకా ఆగి, నా ఎదురుగా నిలబడింది.

"గొట్టాలు విప్పడానికొచ్చిన మండలి వాళ్ళన్నారు, ఆ ఆఫీసరు సరిగ్గా ఇదే చెప్పాడంట కదా నీతో. తెలీనోడు తిప్పేస్తే అని."

"చెప్పాడు."

"మాకెందుకు చెప్పలేదు?"

"వాడి మాటేంటిలే అనుకున్నానే."

"నువ్వు నేర్పిన మాటే మామ్మా. ఎనభై రోజులు నేను మోటార్లు చూశాను, కీళ్ళు చూశాను, వైర్లు పదిసార్లు చూశాను. నీ మాట ఒక్కటే చూళ్ళేదు. నువ్వన్నావు కదా, సరిగ్గానే ఉంటదనుకున్నా."

అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. అరవలేదు. నాకు అందరి మీదా కోపంగా ఉంది, మండలి మీద, దిద్దిన యంత్రం మీద, నవ్వుతూ తిప్పిన నవనీత్ మీద. ఆ పిల్ల మీద మాత్రం రావడం లేదు. ఆ కోపం తిరిగి తిరిగి, రావలసిన చోటికి, నా మీదికే వస్తోంది.

90వ రోజు

మాట మార్చాలని నేనే అన్నాను. మూడు రోజుల్లో అప్పగించే యంత్రానికి ఎందుకని జోగేశ్వరి తన ఇంట్లోంచి బయటికి రాలేదు. ఏసుపాదం ఒక్కడే వాళ్ళ అరుగు మీదికి గొంతు పట్టే డబ్బా తెచ్చాడు.

తేలిక పని అనుకున్నాను. "నీళ్ళు తక్కువ" అన్నాను. ఏసుపాదం తల అడ్డంగా ఊపాడు. "నీళ్ళు చూసుకోండి" అన్నాను. మళ్ళీ ఊపాడు. "దేవుడి దయవల్ల నీళ్ళు..." దగ్గర ఆగిపోయాను.

"మామ్మా, ప్రార్థన కాదు, మట్టం చెప్పు."

"చెబుతున్నానుగా."

"ఖాళీ అను. లేకపోతే లేవు అను. రెండక్షరాలు."

రెండక్షరాలే. మా ఊరు మునిగాక పడవ మీద ఉన్నప్పుడు, ఎవరో అడిగితే, బియ్యం లేవు అన్నాను. ఎనిమిదేళ్ళదాన్ని. మా అమ్మ అందరి ముందూ చెంప పగలగొట్టింది. లేదంటే నిజంగా లేకుండా పోతుందే, నిండుకున్నాయి అనాలి అంది. అప్పటికి ఆ సంచిలో నిజంగానే గింజ లేదు, అమ్మకూ తెలుసు. ఆ తర్వాత అరవై ఏళ్ళలో ఇంట్లో ఉప్పు గాని, నూనె గాని, మందు గాని లేదు అని నేను అనలేదు. దీపం ఆరిందని కూడా అనలేదు, కొండెక్కిందనే అన్నాను.

పదమూడుసార్లు ప్రయత్నించాను. నోరు మాట దగ్గరికి వెళ్ళి వెనక్కి వచ్చేస్తోంది. ఏసుపాదం ఓపిగ్గా ప్రతిసారీ చెరిపేస్తున్నాడు.

గుమ్మంలోంచి జోగేశ్వరి అంది: "ఒదిలేయరా. నాలుగు రోజుల్లో నేనెక్కుతా కదా. పైనుంచి మామ్మ నేర్పినట్టే అరుస్తా. కింద నవనీతన్న ఉంటాడు. ఆయన తిప్పుతాడు. మళ్ళీ ఊరందరూ మా అమ్మ మంచం దగ్గరికొచ్చి తిడతారు."

నాకు ఎక్కడిదో కోపం తన్నుకొచ్చింది. పడవ మీది చెంపదెబ్బ కూడా అందులో ఉందేమో.

"నీళ్ళు లేవు," అన్నాను. "చుక్క లేదు. తిప్పకు."

ఏసుపాదం డబ్బా చూసుకున్నాడు. "పడింది మామ్మా. కాస్త తిట్టినట్టుంది."

"ఉండనీ."

మళ్ళీ అనమంటే అనలేను. ఇంటికొచ్చి బియ్యం డబ్బా, ఉప్పు జాడీ, మందుల పెట్టె అన్నీ తీసి చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి.

93వ రోజు

అప్పగించాం. మండలి గిడ్డంగిలో గుమాస్తా బొమ్మిడాయిని బల్ల మీద పెట్టి నాలుగు మరలు విప్పాడు. మోటార్లు ఒక పెట్టెలోకి, కీళ్ళు ఒక గంపలోకి. ఆ గంపలో అప్పటికే మిగతా జట్ల కీళ్ళున్నాయి, అన్నీ ఒకేలాంటివి. మావి వాటిలో కలిసిపోయాయి.

"ఎంగిలి గిన్నెలేంటయ్యా, అలా విసురుతున్నావు?" అన్నాను.

"ఇనుమే కదండీ."

ఏసుపాదం అడిగాడు, మరి లోపలి మాటల సంగతేంటని. "గొంతులా, తుడిచేస్తామండి. తర్వాతోళ్ళు వాళ్ళది ఎక్కించుకుంటారు."

నేను అంత కష్టపడి అన్న మాట కొమ్ములోంచి ఒక్క మనిషైనా వినకముందే తుడిచేశాడు. ఒక మీట నొక్కాడు, అంతే.

జోగేశ్వరి అప్పుడు ఏడ్చింది. పోటీ రోజు ఏడవలేదు, బుల్లెమ్మ అరిచినప్పుడు ఏడవలేదు. గంపలో చెయ్యి పెట్టి కీళ్ళు తిరగేస్తూ, "ఏవి మనవో తెలీట్లేదు మామ్మా" అని ఏడ్చింది. నేనూ చెయ్యి పెట్టాను. ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. ఆముదం వాసన వచ్చినవి పదకొండు ఏరి పక్కన పెట్టాను. గుమాస్తా మళ్ళీ వాటిని గంపలో వేసేశాడు. ఈసారి విసరలేదు.

ముగ్గురం బుట్టలో పైకి వస్తున్నాం. ఇలాంటప్పుడు పెద్దవాళ్ళు ఏదో చెప్పాలి. ఓటమి మంచిదే, అనుభవం అంటారు. నాకా మాట నోటికి రాలేదు. ఏం మంచిది? గెలవాల్సిన యంత్రం. ఒక్క మాట దగ్గర పోయింది. అది చాలా చెడ్డ విషయం అన్నాను. జోగేశ్వరి తల నా భుజానికి ఆనించి, "అవును" అంది.

94వ రోజు

ఈ రోజు జోగేశ్వరి పుట్టినరోజు. తెల్లారగానే నడుముకు తాడు కట్టుకుంది. ముడి నేను మూడుసార్లు చూశాను, నాలుగోసారి చూడబోతే చెయ్యి తోసేసింది. వాళ్ళమ్మ సుగుణ కిటికీ దగ్గరికి మంచం జరిపించుకుంది.

ఇన్ని రోజులు రాని మబ్బు ఈ రోజే ముంచుకొచ్చింది. ఆ నీళ్ళు పై తొట్టికి చేరాలంటే సాయంత్రం కావాలి, ఈలోగా నిచ్చెన మెట్లు మాత్రం తడిసిపోతాయి. ముప్ఫయ్యో మెట్టు దాటాక పిల్ల కనబడలేదు. అడుగుల చప్పుడు వింటూ లెక్కపెట్టాను. నలభై దగ్గర ఆగింది. అక్కడే సుగుణ జారింది. నేను వాల్వు చక్రం పట్టుకున్నాను. నవనీత్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. మళ్ళీ అడుగు పడింది. నలభై ఒకటి.

తొంభై. మూత చప్పుడు.

"నీళ్ళు లేవు," అని వినబడింది పైనుంచి. "తిప్పకండి. లేవు."

ఏ కొమ్మూ లేకుండా ఏడు మెట్లకూ వినబడింది. నవనీత్ చక్రం మీంచి చెయ్యి తీసి, రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు.

దిగేటప్పుడు కూడా లెక్కపెట్టాను. పాదాలు కనబడ్డాయి, తర్వాత తడిసిన పావడా, తర్వాత ముఖం. నేల మీద కాలు పెట్టాక దాని పళ్ళు టకటకలాడుతున్నాయి. తువ్వాలు కప్పాను.

"నలభయ్యో మెట్టు ఊగుతోంది మామ్మా. బోల్టును తుప్పు తినేసింది. చూస్తే తెలీదు, కాలేస్తేనే తెలుస్తది. మనం చెయ్యాల్సిన యంత్రం గొట్టంలో దూరేది కాదు. మనిషికంటే ముందు నిచ్చెనెక్కి, ఒక్కో మెట్టూ తొక్కి చూసేది. నీ పుస్తకం ఏది? ఏసుపాదం ఎక్కడ?"

పుస్తకం ఇచ్చాను. అక్కడే కూర్చుని గీయడం మొదలుపెట్టింది. ఇంతలో బిందె చంకనేసుకుని బుల్లెమ్మ వచ్చింది.

"ఏమే పిల్లా, పుట్టినరోజు పూట, పొద్దున్నే, లేవు లేవని అంత గొంతేసుకుని అరుస్తావేంటే? నలుగురూ బతికే చోట అనే మాటేనా అది? నిండుకుందని అనలేవా?"

జోగేశ్వరి గీతలోంచి తల ఎత్తింది. దాన్ని మాట్లాడనివ్వలేదు నేను.

"నేనే నేర్పాను. నువ్వు చెప్పే ఆ మాటకే పోటీ పోయింది, ఊరు రెండు రోజులు ఎండింది. నీ అల్లుడికి అర్థం కాని మాటతో ఈ పిల్ల రేపు మళ్ళీ ఎక్కాలా? నీళ్ళు లేవు బుల్లెమ్మా. సాయంత్రం దాకా రావు. బిందె తీసుకుని ఇంటికి పో."

వెళ్ళిరా అనలేదు. పో అనే అన్నాను.